నెలకో ఆకు

ఆ ఏడు వానలు మొదలైన పదిరోజులకే మా ముందుగదిలోని చేపలతొట్టిలో నాచు పట్టింది. మొదట చూసింది నేనే. పొద్దున్నే పాపకి జడలు వేస్తూ తొట్టి పక్కన కూర్చుంటే, నీళ్లలోని మొద్దుకి కట్టిన మొక్క ఆకుల అంచున నల్లటి నూగు కనిపించింది. నీటి కదలికకి ఒకే వైపు వాలుతూ, చూడటానికి అచ్చం జుట్టులాగే ఉంది.

"నాన్నా, మొక్కకేదో పట్టింది చూడు."

నాన్న వ్యాను తాళాలు పట్టుకుని అప్పటికే గుమ్మం దగ్గర ఉన్నాడు. వెనక్కి వచ్చి, ముక్కు అద్దానికి తగిలేంతగా వంగి, తల ఓ పక్కకి తిప్పి చూశాడు.

"ఎక్కడ?"

"ఇదిగో, నా వేలు దగ్గర. నల్లగా."

"ఆఁ ఆఁ. నాచు. ఆదివారం చూద్దాంలే," అన్నాడు. పాప సంచీ అందుకుని, "పద తల్లీ, నీ కిటికీ సీటు ఇంకెవరో కొట్టేస్తారు," అంటూ బయటికి నడిచాడు.

నాన్న ఇరవై రెండేళ్లుగా స్కూలు వ్యాను నడుపుతున్నాడు. ఆ ఏడాది మా పాపతో కలిపి వ్యానులో పదిహేనుమంది పిల్లలు. అందరికీ ఆయన 'చేపల తాత'. పరీక్షలయ్యాక ఆఖరి రోజున బండిని మా ఇంటి ముందు ఆపి, పిల్లలందర్నీ తొట్టి ముందు నేలమీద కూర్చోబెట్టి చేపలకి మేత వేయించేవాడు. ఆ సంబరానికి పెద్దపిల్లలు కూడా స్కూలు మారనని మారాం చేసేవాళ్లని అమ్మ చెప్పేది.

తొట్టిలో చేపలకంటే ఆయన మనసంతా మొక్కల మీదే. మందపాటి ఆకుల మొక్కలు, వాటికి మట్టి అక్కర్లేదు. మొద్దుకో రాయికో దారంతో కడితే దాన్నే కరుచుకుని బతుకుతాయి. నెలకో ఆకు వేస్తాయి. నేను చిన్నప్పుడు, "ఇంత మెల్లగా పెరిగేవి ఎందుకు నాన్నా, గబగబా పెరిగేవి వెయ్యకూడదా?" అని అడిగితే చెప్పిన మాట నాకు బాగా గుర్తు. "గబగబా పెరిగే మొక్కకి నాచు పట్టినా ఇబ్బంది లేదమ్మా. పాత ఆకు పోతుంది, పైన కొత్తది వస్తుంది. దీని ఆకు ఏడాదీ రెండేళ్లూ ఉంటుంది. కదలకుండా అంతకాలం ఉన్న ఆకు మీద నాచు కూర్చోదా మరి? అందుకే దీన్ని పెంచాలంటే రోజూ చూసుకోవాలి."

రోజూ చూసుకునేవాడు కూడా. రోజుకి ఆరు గంటలు లైటు, నిమిషం అటూ ఇటూ కాదు. చిటికెడు మేత, చేపలు రెండు నిమిషాల్లో తినేసేంత. ఆదివారం మూడోవంతు నీళ్లు తీసి కొత్త నీళ్లు పోయడం. మా ఇంట్లో గడియారం ఆగిపోయినా ఆ తొట్టి లైటుని బట్టి టైము చెప్పొచ్చని అమ్మ వేళాకోళం చేసేది.

ఆ వానాకాలం మాత్రం లైటు వేళాపాళా లేకుండా వెలుగుతూనే ఉండేది. నేను కొరియర్ ఆఫీసుకి బయల్దేరేటప్పుడు వెలుగుతుండేది. సాయంత్రం తిరిగొచ్చేసరికీ వెలుగుతూనే ఉండేది.

"ఎందుకు నాన్నా ఇంతసేపు?" అంటే, "వానాకాలం కదా, గది చీకటిగా ఉంటోంది," అన్నాడు. అడుగున ఇసక మీద చేపలు తినకుండా వదిలేసిన మేత తెల్లగా బూజు పట్టి ఉండేది. ఇంకో మార్పు కూడా వచ్చింది. పిల్లల్ని ఎక్కించి దించే ఆయా మానేసిందని, ఇంకో మనిషి దొరికేదాకా తానే వెళ్తానని అమ్మ రోజూ వ్యానులో నాన్న పక్కన కూర్చుని వెళ్లడం మొదలెట్టింది. మోకాళ్ల నొప్పులతో మెట్లు దిగడమే కష్టమయ్యే మనిషి. నాకు వింతగా అనిపించింది గానీ, రెండేళ్ల కిందట పాపని చంకనేసుకుని పుట్టింటికి వచ్చేసినదాన్ని, వాళ్ల పద్ధతుల గురించి ఎక్కువ ప్రశ్నలు వేయడం నాకూ అలవాటు తప్పింది.

నెల తిరిగేసరికి నల్లనూగు ఆకుల మీద కుచ్చులు కుచ్చులుగా పెరిగింది. అద్దం మీద, ముదురాకుల మీద పచ్చటి చుక్కలు. మా ఆఫీసు వీధి చివర చేపల షాపు ఉంది. ఓ మధ్యాహ్నం ఆయన్ని అడిగాను.

"లైటు ఎన్ని గంటలు వేస్తున్నారు?" అన్నాడు షాపాయన.

"పన్నెండో పదమూడో."

"ఇంకేం! నాచుకి విందు భోజనం పెడుతున్నారు. మేత?"

"అడుగున మిగిలిపోతోంది."

"అదీ సంగతి. లైటు ఆరు గంటలకి తగ్గించండి. మేత సగం చెయ్యండి. నీళ్లు వారానికి రెండుసార్లు మార్చండి. బాగా పట్టేసిన ఆకులు కాడ మొదట్లో కోసి పారెయ్యండి. కొద్దిగా పట్టినవాటికి మందుల షాపులో పుండ్లు కడిగే మందుంటుంది చూడండి, పోస్తే నురగొస్తుంది, అది. మొద్దుని నీళ్లలోంచి పైకి తీసి, ఆకుల మీద కుంచెతో రాసి, రెండు నిమిషాలు ఆగి కడిగెయ్యండి. రెండురోజుల్లో నలుపు కాస్తా ఎర్రబడి, తెల్లబడి రాలిపోతుంది." చెప్పి, అనుమానంగా చూశాడు. "తొట్టి మీ నాన్నగారిది కదూ? ఇవన్నీ ఆయనకి తెలిసినవేనమ్మా. నాకు చెప్పిందే ఆయన."

ఆ ఆదివారం నాన్న స్టూలు వేసుకుని తొట్టి ముందు కూర్చున్నాడు. చేతిలో పొడుగు కత్తెర. నేను గిన్నె పట్టుకుని పక్కన నిలబడ్డాను. బయట వాన ఒకటే దంచుతోంది. పాప పక్కగదిలో బొమ్మలు వేసుకుంటోంది.

నాన్న మోచేతిదాకా చెయ్యి నీళ్లలో పెట్టి, ఒక్కో ఆకునీ వేళ్లతో పట్టుకుని, తల పక్కకి తిప్పి చూస్తూ, కాడ మొదట్లో కత్తిరించి నా గిన్నెలో వేస్తున్నాడు. చెయ్యి ఏమాత్రం వణకడం లేదు. కాడ కింద అడ్డంగా పాకే దుంపకి కత్తెర తగలనివ్వడం లేదు. ఆ పనిలో ఎప్పుడూ ఉండే శ్రద్ధే.

నాలుగో ఆకు పడ్డాక నేను గిన్నెలోకి చూశాను. నాలుగూ ముదురుపచ్చగా, నిగనిగలాడుతూ ఉన్నాయి. ఒక్కదాని మీద కూడా మచ్చ లేదు.

తొట్టిలోకి చూశాను. నల్లకుచ్చుల ఆకులన్నీ మొద్దు మీద అలాగే ఉన్నాయి.

ఐదోది కోశాడు. ఆరోది కోశాడు. తొమ్మిది ఆకులు కోసేదాకా నేను నోరు మెదపలేదు. చివరికి కత్తెర తుడిచి పక్కన పెట్టి, వెనక్కి వాలి, "ఇప్పుడు కాస్త శుభ్రపడింది కదూ?" అన్నాడు.

"ఆఁ నాన్నా," అన్నాను.

గిన్నె పట్టుకుని వంటింట్లోకి వెళ్లాను. అమ్మ గిన్నెలోకి ఓసారి, నా ముఖంలోకి ఓసారి చూసింది. గిన్నె అందుకుని, ఆకులు చెత్తబుట్టలో వేసి, వాటి మీద కూరగాయల తొక్కలు కప్పింది.

"ఎప్పట్నుంచమ్మా?"

"మెల్లిగా మాట్లాడు."

"ఎప్పట్నుంచి?"

అమ్మ కొంగుతో చేతులు తుడుచుకుంది. "ఎండాకాలంలోనే చూపించాం. కంటి వెనక తెర ఉంటుందట కదా, అది నడిమధ్యలో అరిగిపోయిందన్నారు. రెండు కళ్లలోనూ. పక్కలంతా కనిపిస్తుంది. ఎదురుగా చూసిందే మసకగా, గుండ్రంగా మచ్చలా ఉంటుందట. అరిగింది మళ్లీ రాదన్నారు."

"మరి బండి నడపొద్దని చెప్పలేదా డాక్టరు?"

"చెప్పాడు."

"అమ్మా!"

"నేను పక్కనుంటున్నాగా! ఎదురుగా సైకిలొస్తోంది, ఎడం పక్క గుంట, అక్కడ పిల్లాడు, అన్నీ చెప్తూనే ఉంటాను. ఆ రోడ్లన్నీ ఆయనకి కంఠతా వచ్చు. ఈ ఏడాది పరీక్షలవగానే మానేస్తానన్నారు. నాతో ఒట్టేశారు." అమ్మ గొంతు తగ్గించింది. "బండి లేకపోతే ఆయన ఏమైపోతారో నీకు తెలీదే. నీకు తెలీదు. కొన్ని నెలలు కళ్లు మూసుకో."

ఆయా మానేయలేదని, అమ్మే మాన్పించిందని అప్పుడు అర్థమైంది.

ఆ మర్నాడు నేను చేసిన పనిని ఇన్నేళ్లయినా ఏ పేరుతోనూ పిలుచుకోలేకపోతున్నాను. పొద్దున్నే పాప చెయ్యి పట్టుకుని, "నాన్నా, పాపని నేను నడిపించుకుని తీసుకెళ్తాను. వ్యానులో కడుపులో తిప్పుతోందంటోంది," అన్నాను.

"నాకెప్పుడు తిప్పింది?" అంది పాప.

"నువ్వూరుకో."

నాన్న తాళాలు చేతిలో ఆడిస్తూ ఓ క్షణం ఆగాడు. "సరే, గొడుగు మర్చిపోకండి," అని వెళ్లిపోయాడు. అమ్మ నా వైపు చూడకుండా ఆయన వెనకాలే మెట్లు దిగింది.

నేనూ పాపా ముప్పావుగంట నడిచాం. మేం సగం దారిలో ఉండగా వ్యాను మమ్మల్ని దాటుకుంటూ వెళ్లింది. పాప కిటికీ సీటులో రెండు జడల పిల్ల కూర్చుని ఉంది. మా వీధి చివర టైలరమ్మ కూతురు. ఆ సీటు కోసం ఏడాదిగా పాపతో పోట్లాడుతోందట. మమ్మల్ని చూసి గెలిచినట్టు నాలుక బయటపెట్టి వెక్కిరించింది. పాప కూడా వెక్కిరించింది. నేను నవ్వాను. నిజంగానే నవ్వాను.

అలా ఎనిమిది రోజులు. ఆ ఎనిమిది రోజులూ ఆఫీసులో పార్సిళ్ల మీద చిరునామాలు రాస్తూ, ఇవాళ చెప్పేస్తాను, స్కూలుకి ఫోన్ చేస్తాను అనుకునేదాన్ని. సాయంత్రం వ్యాను ఇంటి ముందు ఆగిన చప్పుడు వినగానే, ఏమీ కాలేదుగా, రేపు చూద్దాం అనుకునేదాన్ని. నాన్న లేనప్పుడు తొట్టి లైటు తీసేసేదాన్ని. ఆయన వచ్చి మళ్లీ వేసుకునేవాడు. ఇద్దరం దాని గురించి ఒక్క మాట కూడా అనుకోలేదు.

తొమ్మిదో రోజు పొద్దున పదింటికి ఆఫీసుకి అమ్మ దగ్గర్నుంచి ఫోనొచ్చింది. గొంతు అమ్మది కాదేమో అన్నట్టు ఉంది. "హాస్పిటల్‌కి రా. నాన్నకేం కాలేదు. రా."

జరిగింది పెద్ద ప్రమాదం కూడా కాదు. స్కూలు సందులోకి తిరిగేచోట కాంక్రీటు స్తంభం ఉంది, పెద్ద బళ్లు లోపలికి రాకుండా పాతింది. వెనక సీట్లో ఎవరిదో నీళ్లసీసా ఒలికి పిల్లలు కేకలు వేశారు. అమ్మ వెనక్కి తిరిగింది. ఒక్క క్షణమే. వ్యాను ఎడంపక్క ఆ స్తంభాన్ని రాసుకుంటూ వెళ్లి ఆగిపోయింది. తలుపు లోపలికి నొక్కుకుపోయింది. తలుపు పక్క కిటికీ సీటులో ఉన్న రెండు జడల పిల్లకి మోచేతి దగ్గర ఎముక రెండుచోట్ల విరిగింది. మిగతా పిల్లలకి గీతలు. అమ్మకి నుదుట నాలుగు కుట్లు. నాన్నకి ఏమీ కాలేదు.

హాస్పిటల్ వరండాలో నాన్న బల్ల మీద కూర్చుని ఉన్నాడు. చొక్కా తడిసి ఒంటికి అతుక్కుపోయింది. ఎదురుగా టైలరమ్మ నిలబడి ఉంది. మెడలో కొలతల టేపు అలాగే వేలాడుతోంది, తియ్యడం మరిచిపోయి పరుగెత్తుకొచ్చినట్టుంది. వీధిలో అందరితోనూ గట్టిగా మాట్లాడే మనిషి. ఆవిడ నాన్న భుజం మీద చెయ్యి వేసి, "మీరు బాధపడకండి బాబాయ్ గారూ. మీరేం చేస్తారు? ఈ పాడువాన. ఇరవయ్యేళ్లుగా నడుపుతున్నారు, ఒక్క పిల్లకి గీత పడలేదు. పిల్లల ఎముకలు, తొందరగా అతుక్కుంటాయన్నారు డాక్టరు గారు," అంటోంది.

నాన్న తల ఎత్తలేదు.

"అవునమ్మా. వానకి అద్దం అస్సలు కనబడలేదు," అంది అమ్మ, నుదుటికి దూది అదుముకుంటూ.

నేను అక్కడే ఉన్నాను. లోపల ఆ పిల్ల ఏడుపు వినిపిస్తోంది. చెయ్యి సరిచేస్తున్నట్టున్నారు. నేను కూడా ఏమీ అనలేదు.

సాయంత్రం పాప అన్నం తింటూ అడిగింది. "అమ్మా, అది నా సీటు కదా?"

"తిను," అన్నాను.

"నేనుంటే నా చెయ్యి విరిగేదా?"

అమ్మ కంచం ముందునుంచి లేచి లోపలికి వెళ్లిపోయింది. ఆ రాత్రి నుంచీ అమ్మ ఒకే మాట అనేది, ఎవరితోనో కాదు, తనలో తాను. గిన్నెలు కడుగుతూ, దుప్పట్లు మడతపెడుతూ. "ఒక్కసారి వెనక్కి తిరిగాను. ఒక్కసారే తిరిగాను."

వ్యానుని మెకానిక్ దగ్గర పెట్టారు. సోమవారానికల్లా తలుపు వేసి ఇస్తానన్నాడు. స్కూలు వాళ్లు వచ్చి చూసి, వాన, ఇరుకు మలుపు, ఆ స్తంభం అక్కడ ఉండటమే తప్పని రాసుకుని పోయారు. పిల్లల తల్లిదండ్రులు కొందరు పలకరించడానికి వచ్చారు. ఒకాయన నాన్న కోసం పళ్లు కూడా తెచ్చాడు. అవి అలాగే బల్ల మీద ఉండి మెత్తబడిపోయాయి.

శనివారం మధ్యాహ్నం. నేను తొట్టిలోంచి మొద్దుని తీసి టబ్బులో పెట్టుకుని, ఆకులకి మందు రాస్తున్నాను. కుంచె తగిలినచోటల్లా సన్నగా నురగ వస్తోంది. నాన్న కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ఉన్నట్టుండి అడిగాడు.

"పాపని ఎన్నాళ్లయింది నువ్వు నడిపించడం మొదలెట్టి?"

"ప్రమాదం నాటికి ఎనిమిది రోజులు."

"అంటే ఆకులు కోసిన మర్నాటినుంచి."

"ఆఁ."

నాన్న టబ్బు వైపు తిరిగాడు. "తప్పు ఆకులు కోశానా?" అన్నాడు.

"తొమ్మిదీ మంచివే నాన్నా."

తలాడించాడు. ముఖంలో ఏ మార్పూ లేదు. లేచి, గోడకున్న తాళాల కొక్కెం తడిమి చూసి, మళ్లీ వచ్చి కూర్చున్నాడు. "సోమవారం బండి వస్తుంది," అన్నాడు.

"నువ్వు నడపకూడదు నాన్నా."

"ఎంత? కొన్ని నెలలు. ఈసారి ఇంకా జాగ్రత్తగా. ఆ మలుపు దగ్గర ఆగి తిప్పుతాను. మీ అమ్మ..."

"నాన్నా."

"పిల్లలు ఎదురుచూస్తుంటారే," అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన గొంతు పాప గొంతులా ఉంది.

నేను కుంచె పక్కన పెట్టి, ఆకులు కడిగి, మొద్దుని నీళ్లలో దింపి, చేతులు తుడుచుకుని చెప్పులు వేసుకున్నాను. ఎక్కడికని నాన్న అడగలేదు. వంటింటి గుమ్మంలోంచి అమ్మ అడిగింది. "ఎక్కడికే?" నేను మెట్లు దిగాను.

టైలరమ్మ ఇల్లు మా ఇంటికి ఎనిమిదో ఇల్లు. ముందుగదిలోనే మిషను. పిల్ల పరుపు మీద పడుకుని నిద్రపోతోంది, కట్టు కట్టిన చెయ్యి దిండు మీద. కట్టు మీద ఎవరో పువ్వులు గీశారు. ఆవిడ మిషను తొక్కుతూనే, "రండక్కా, కూర్చోండి. బాబాయ్ గారెలా ఉన్నారు? ఏమన్నా తింటున్నారా?" అంది.

నేను కూర్చోలేదు. కూర్చుంటే చెప్పలేనని తెలుసు. "మా నాన్నకి కళ్లు కనబడవు," అన్నాను.

ఆవిడ అరచేత్తో మిషను చక్రం ఆపేసింది.

"ఎదురుగా ఉన్నది కనబడదు. ఎండాకాలంలోనే డాక్టరు నడపొద్దన్నాడట. అమ్మ పక్కన కూర్చుని దారి చెప్పేది. ఆ రోజు వాన వల్ల కాదు."

ఆవిడ నన్నే చూస్తోంది. "మీకెప్పుడు తెలిసింది?"

"ప్రమాదానికి ఎనిమిది రోజుల ముందు."

పరుపు మీద పిల్ల మెసిలింది. ఆవిడ దాని వైపు చూసింది. దుప్పటి సర్దింది. మళ్లీ నా వైపు తిరిగేసరికి ఆ ముఖం మారిపోయింది.

"ఎనిమిది రోజులా," అంది మెల్లగా. "మీ పాపని మీరు నడిపించుకుంటూ వెళ్లింది కూడా ఎనిమిది రోజులే కదా. నేను రోజూ చూసేదాన్ని, ఈ కిటికీలోంచి. వానలో ఎందుకు తడుస్తూ పోతున్నారీవిడ, బండి ఉండగా, అనుకునేదాన్ని."

నా చూపు పిల్ల కట్టు మీది పువ్వుల మీద పడింది.

"మీరు వెళ్లండి," అంది. అరవలేదు. తిట్టలేదు. ఆవిడ తిట్టి ఉంటే బావుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది.

చీకటి పడేలోపు వీధంతా తెలిసిపోయింది. ఆదివారం పొద్దున స్కూలు ప్రిన్సిపాల్ మేడమ్ స్వయంగా వచ్చింది. నాన్న ఒక్క మాట కూడా కాదనలేదు. అన్నీ ఒప్పుకున్నాడు. తర్వాత లైసెన్సు రద్దయింది. వ్యానుని స్కూలే వేరే డ్రైవరుకి అప్పగించింది. పళ్లు తెచ్చినాయన మా గుమ్మం ముందు నిలబడి, వీధి వినేలా, నోటికొచ్చినట్టు మాట్లాడాడు. నాన్న గుమ్మంలో నిలబడి, ఆయన చెప్పిందంతా అయ్యేదాకా విని, లోపలికి వచ్చి తలుపు మెల్లగా వేశాడు. అప్పుడే నా వైపు తిరిగి ఒక మాట అన్నాడు.

"నేను నడిపి ఊరుకున్నాను. మీ అమ్మ పక్కన కూర్చుని ఊరుకుంది. నువ్వు నీ పిల్లని దించుకుని ఊరుకున్నావు."

అంతే. ఆ తర్వాత మూడు వారాలు నాతో మాట్లాడలేదు. కోపమని కాదు. ఎవరితోనూ మాట్లాడలేదు. పొద్దున్నే మామూలు వేళకే లేచి, స్నానం చేసి, చొక్కా వేసుకుని, కుర్చీలో కూర్చునేవాడు. అమ్మ మాత్రం నాతోనే మాట్లాడలేదు. కంచంలో అన్నం పెట్టేది, పాప బట్టలు ఉతికేది, నా వైపు మాత్రం చూసేది కాదు. "చెప్పాల్సింది ఇంట్లో చెప్పాలి. వీధిలో కాదు," అని ఒకసారి పాపతో అంది, నాకు వినపడేలా. పాప, "నేనేం చెప్పాను అమ్మమ్మా?" అని బిక్కమొహం వేసింది.

వానలు తగ్గుముఖం పట్టాయి. తొట్టి పని నా మీద పడింది. లైటు ఆరు గంటలే. మేత రోజు విడిచి రోజు. వారానికి రెండుసార్లు బకెట్లతో నీళ్లు మార్చడం. చేపల షాపాయన నీళ్ల మీద తేలే మొక్కలు కొన్ని ఇచ్చాడు. అవి పైన పరుచుకుంటే కింద ఆకులకి నీడపడి నాచు జోరు తగ్గుతుందన్నాడు. మందు రాసిన కుచ్చులు నిజంగానే ఎర్రబడి, పాలిపోయి, రాలిపోయాయి. కానీ ఓచోట పోతే ఇంకోచోట కొత్తది మొలిచేది. ఆకు చిన్నగా, నాచు పెద్దగా ఉన్నచోట ఏం చెయ్యాలో నాకు తేలేది కాదు.

ఓ ఆదివారం మొద్దుని టబ్బులో పెట్టుకుని అలా తెల్లమొహం వేసుకుని కూర్చుంటే, నాన్న కుర్చీలోంచి అన్నాడు. "ఇటు తీసుకురా."

టబ్బు ఆయన కాళ్ల దగ్గర పెట్టాను. నేలమీద కూర్చున్నాడు. కళ్లు మూసుకుని, ఒక్కో ఆకునీ బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకుని, కాడనుంచి కొసదాకా నిమిరాడు. "ఇది గరుకుగా ఉంది, చుక్కలు. కొత్త బ్రష్షుతో రుద్దితే పోతుంది, ఉంచు. ఇది అంచంతా జుట్టే. తీసెయ్. ఇది మెత్తబడింది, కుళ్లుతోంది. తీసెయ్." చెప్పింది చెప్పినట్టు నేను కోశాను. మొత్తం అయ్యేసరికి మొద్దు మీద పదకొండు ఆకులు మిగిలాయి. చూడటానికి దిగాలుగా ఉంది.

"మళ్లీ గుబురుగా అవడానికి ఎన్నాళ్లు పడుతుంది నాన్నా?"

"రెండేళ్లు. మూడేమో." చేతులు తువ్వాలుకి తుడుచుకున్నాడు. "అప్పుడెలా ఉందో నువ్వు చెప్పాలి నాకు," అన్నాడు.

వానాకాలం వెళ్లిపోయిన వారానికి ఆ పిల్ల కట్టు విప్పారు. మోచెయ్యి పూర్తిగా చాపలేకపోతోందని, రోజూ వ్యాయామం చేయిస్తే ఏడాదికో రెండేళ్లకో సర్దుకోవచ్చని, సర్దుకోకపోవచ్చనీ డాక్టరు చెప్పాడట. ఆ విషయం మాకు తెలిపింది వీధిలోవాళ్లే.

ఆ సాయంత్రమే టైలరమ్మ మా గుమ్మంలోకి వచ్చింది. కూర్చోమంటే కూర్చోలేదు. గొంతు గుర్తుపట్టి నాన్న లేచి నిలబడ్డాడు. ఏదో అనబోయాడు. ఆవిడ కాసేపు ఆయన్ని చూసింది. ఆయనతో ఏమీ అనకుండా నా వైపు తిరిగింది.

"కొత్త బండి ఎక్కనని ఏడుస్తోంది. ఏ బండీ ఎక్కదట. నేను మిషను వదిలి రోజూ రెండుపూటలా వెళ్లలేను," అంది. "రేపట్నుంచి దాన్ని కూడా మీరే తీసుకెళ్లండి. మీ పాపతో పాటు."

"అలాగే," అన్నాను.

"మిమ్మల్ని క్షమించానని అనుకోకండి."

"అనుకోను."

ఆవిడ వెళ్లిపోయింది. వంటింట్లోంచి అమ్మ గొంతు వినిపించింది, రెండు నెలల తర్వాత మొదటిసారి నా కోసం. "పెందలాడే లేపుతాను. ఆ చేత్తో ఆ పిల్ల వేగంగా నడవలేదు."

మర్నాడు ఎనిమిదో ఇంటి ముందు ఆగాం. పిల్ల సంచీ నేను తీసుకున్నాను. పాప తన కుడిచెయ్యి దాని ముందు చాపింది. ఆ పిల్ల పట్టుకోలేదు. నేను చాచాను. నా చెయ్యి కూడా పట్టుకోలేదు. ఎడమచెయ్యి పొట్టకి ఆనించుకుని, గోడవారగా, మాకు నాలుగడుగుల దూరంలో నడిచింది. రెండో రోజూ అంతే, వారం గడిచినా అంతే. వెనకనుంచి ఏ బండి చప్పుడు వినిపించినా గోడకి అంటుకుపోయి నిలబడేది. అది దాటిపోయేదాకా మేమూ ఆగేవాళ్లం. స్కూలు చేరేసరికి మొదటి గంట ఎప్పుడో కొట్టేసేవారు. గేటు దగ్గర సంచీ అందిస్తే, నా ముఖం చూడకుండా కుడిచేత్తో లాక్కుని లోపలికి పరుగెత్తేది.